పంటలో కలవని మూటలు

తొంభైల చివర ఎం.ఫిల్ చేస్తున్నప్పుడు మా డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే కంప్యూటర్. నా వంతు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా. బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో ఇల్లిల్లూ తిరిగి వేరుశనగ పంట వివరాలు రాసుకొచ్చాను. ఏడాది పని. అంకెలన్నీ ఎక్కించి, ప్రింటు తీసి చూద్దును కదా, లెక్క తేడా కొట్టింది.

మొదటి ఇంట్లో పండింది ఇరవై మూటలు. అమ్మింది పద్దెనిమిది, తిండికీ చుట్టాలకూ రెండు. సరిపోయింది. కానీ ఈసారి విత్తనం కొన్నదా, సొంతమా అన్నచోట ‘సొంతమే, ఆరు మూటలు’ అని ఉంది. ఆ ఆరూ ఎక్కడివి? ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? మా జిల్లాలో ఆకాశం నుంచి వానే పడదు! సొంత విత్తనం దాచుకున్న ఏ ఇల్లు చూసినా ఇదే వరస.

మా గైడు కోస్తా నుంచి వచ్చిన మనిషి. కాగితాలు తిరగేసి, “నిజం చెప్పమ్మా, ఆ ఊరికి వెళ్లావా, హాస్టల్లో కూర్చుని నింపేశావా?” అన్నారు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. “తిరిగి తిరిగి చెప్పులరిగిపోయినాయి సార్, చూపించేదా?” అనేశాను. ఆయన చూడలేదు. సోమవారంలోగా లెక్క కుదరకపోతే సంతకం పెట్టనన్నారు. సంతకం లేకపోతే ఎం.ఫిల్ లేదు. పైగా దొంగ లెక్కలు రాసిందన్న పేరు మిగులుతుంది. బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆ మొదటి ఇంటికే పోయాను. ఇంటి అవ్వ అరుగు మీద కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తోంది. బాగున్నావా అని కూడా అనకుండా మీద పడ్డాను.

“అవ్వా, ఇరవై మూటలే పండినాయని చెప్తివే. ఈ విత్తనం యాడిది?”

“యాడిదేంది? మా చేన్లోదే.”

“అట్లయితే పండింది ఇరవై ఆరు కదా!”

అవ్వ చేతులాపి నన్ను ఎగాదిగా చూసింది. “ఏం పాపా, ఇంత సదువుకున్నావు. విత్తనం పంటెట్లయితాది? కళ్లంలోనే ముందు దాన్ని తీసి పక్కన పెడ్తాము. అది చేనుది. మిగిలిందే మాది. నువ్వు మా పంటెంతని అడిగితివి, మాది చెప్తిమి.”

అమ్మయ్య! ఆ అరుగు మీదే చతికిలబడ్డాను. నవ్వు ఆగలేదు. పిల్లకు ఎండ దెబ్బ తగిలిందనుకుందేమో, అవ్వ లేచిపోయి చెంబెడు మజ్జిగ తెచ్చింది. ఆ రోజూ మర్నాడూ ప్రతి గడపా తొక్కి, విత్తనానికి ముందే ఎన్ని తీశారని ఒక్క ప్రశ్నే అడిగాను. అందరూ తడుముకోకుండా చెప్పారు.

సోమవారం నా గంటలో కొత్త అంకెలు ఎక్కించాను. ఇల్లిల్లూ లెక్క కుదిరింది. గైడు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. నేను తలుపు దాకా వచ్చాక, “కొత్త చెప్పులు కొనుక్కోమ్మా” అన్నారు. ఆయన క్షమాపణ అంతే. నాకు అదే చాలా ఎక్కువనిపించింది.

సాయంత్రం రాప్తాడు దగ్గర మా ఊరికి పోయాను. మాకు భూమి లేదు. అమ్మ ఏటా రైతుల విత్తనం తెచ్చుకుని కూలికి ఒలిచేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని ఒక్క గింజ నోట్లో వేసుకున్నా నా వీపు పగిలేది. ఆ రోజూ ఆమె ముందు కాయల కుప్ప ఉంది. జరిగిందంతా చెప్పి సంతకం చూపించాను. అమ్మకు చదువు రాదు. కాగితాన్ని వేళ్లతో తడిమి, “ఈ మాత్రం దానికి బెళుగుప్ప దాకా పోయినావా? నన్నడిగింటే చెప్పేదాన్ని కదే” అంది.

ఏడాదంతా ఆ ఊళ్లో వాళ్లందరినీ అడిగాను, అమ్మను అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేక, కుప్పలోంచి నాలుగు గుప్పిళ్లు నా వైపు లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను.