ఒక్కపొద్దుతో ఎగువ అహోబిలం

“రోజూ నడవండి, బీపీకి మంచిది” అన్నాడు నంద్యాల డాక్టరు. మా ఆయన దాన్ని కొండెక్కడానికి చీటీ రాసిచ్చినట్టే తీసుకున్నాడు. ఎగువ అహోబిలం కొండమీది జ్వాలా నరసింహుని దగ్గరికి నడిచి తీరాలని పట్టు. వాదించి ఓడిపోయి, బీపీ మిషన్ సంచిలో వేసుకుని బయలుదేరాను.

నంద్యాలలో పొద్దున ఆరింటికి ఆళ్లగడ్డ బస్సు. పక్కసీటులో ఒక టీచరమ్మ. ఆమెకూ బీపీ ఉందట, నా సంచిలో మిషన్ చూసి అడిగింది.

“యాడికక్కా, మిషన్ పట్టుకోని పోతాండారు?”

చెప్పాను.

“ఎక్కేటప్పుడు పై నంబరు పెరుగుతాదిలే, అందరికీ అంతే. కూర్చుంటే దిగాల. దిగకపోతేనే భయం. అన్న మాత్ర యేసుకున్నాడా?”

“ఆఁ” అన్నాడు మా ఆయన, కిటికీలోంచి చూస్తూ.

ఆళ్లగడ్డలో టిఫిన్ తిందామంటే, దర్శనమయ్యేదాకా ఒక్కపొద్దు అన్నాడు. నేను ఇడ్లీ తిన్నాను. ఇద్దరం పస్తుంటే తిట్టే ఓపిక ఎవరికుంటుంది? ఏడున్నరకు అహోబిలం బస్సు, అక్కడి నుంచి ఎగువకు జీపు.

ఎగువ గుడి దాటాక వాగు పక్కన రాళ్లదారి. కొంతదూరానికే ఆయన మొహం ఎర్రబడింది. తల పట్టుకుని బండమీద కూలబడ్డాడు. చేతికి పట్టీ చుట్టి చూశాను. పై నంబరు రెండు వందల ఇరవై. ఎక్కాం కదా, పెరుగుతుందిలే అనుకున్నాను. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూశాను. రెండు వందల పది. దిగాల్సినంత దిగలేదు.

“నిజం చెప్పప్పా. మాత్ర యేసుకున్నావా?”

“యేసుకోలే. ఒక్కపొద్దు చెడిపోతాదనుకుంటి.”

“దేవుడొచ్చి నీ నోట్లో తొంగిచూస్తాండాడా?”

“ఇంగ కొంచెమే మే. మొక్కుకోని వస్తా.”

“ఒక్క అడుగు పైకేస్తే ఈడ్నే అరుస్తా. కొండంతా వినపడాల!”

నా సంచిలోని మాత్ర పాపం చేస్తున్నవాడిలా మింగాడు. దర్శనం లేకుండానే వెనక్కి తిరిగాం. నాలుగు రాళ్లు దిగడం, కూర్చోవడం. చుట్టూ అడవి, పిలిస్తే పలికేవాళ్లు లేరు. ఈయన ఇక్కడే పడిపోతే ఎలా అన్న ఆలోచన జీపు ఎక్కేదాకా నన్ను వదల్లేదు.

ఆళ్లగడ్డలో డాక్టరు ఈసీజీ తీసి, మధ్యాహ్నందాకా పడుకోబెట్టాడు. నంబరు మెల్లగా దిగింది.

“మాత్ర మానేసి కొండెక్కేదేందన్నా? మాత్ర యేసుకోని రోజూ నడిస్తే దిగుతాది. ఒక్కరోజులో దించుకుందామంటే యాడ కుదురుతాది?”

నాలుగున్నరకు నంద్యాల బస్సు. పొద్దున ఎక్కిన ఆ కొండదారి అందంగా ఉంటుందంటారు. నేను చూసింది ఆయన మొహం ఒక్కటే. మీలో బీపీ ఉన్నవాళ్లు పోయేటట్టయితే మాత్ర వేసుకునే పోండి.

బస్సు కదలగానే ఆయన కళ్లు మూశాడు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియలేదు. భుజం తట్టి, “నువ్వేం భక్తుడివప్పా!” అని పోట్లాటకు దిగాను.

“ఊరుకో మే, నిద్రొస్తాంది.”

ఆ విసుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. కాసేపాగి మళ్లీ తిట్టాను. నంద్యాల వచ్చేదాకా ఆయన చేత జవాబు చెప్పిస్తూనే ఉన్నాను.