ఎండిన పల్లికాయ చప్పుడు

మా పెద్దబాపు పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను సూరత్‌లోని అడాజన్‌లో మా ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. ఫోన్ చేసింది బాపు, మా నాన్న, పెద్దబాపుకు తమ్ముడు. "మీ పెద్దబాపు పోయిండు బిడ్డా. పొద్దుగాల, నిద్రలనే." మగ్గాల మధ్య బతికినవాళ్లం, మా ఇంట్లో అందరం గట్టిగానే మాట్లాడతాం. ఆ మాట కూడా అంత గట్టిగానే చెప్పాడు. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "పల్లీలు లోపట పెట్టిన్రా?"

ఈసారి బాపు గొంతు తగ్గించాడు. "లేదు. కల్లంలనే ఉన్నయి," అన్నాడు.

నాకు ఇప్పటికీ ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన చేతిని గిల్లుకున్నట్టుంది. జ్ఞాపకం ఉన్నది మాత్రం రాయగలను.

పెద్దబాపు తెలంగాణ నుంచి సూరత్ వచ్చి, వయసులో ఉన్నన్నాళ్లూ పవర్‌లూమ్ నడిపాడు. ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. తర్వాత సూరత్ బయట కిమ్ అనే ఊరి దగ్గర ఒక ముసలి రైతు చిన్న చేనును సగం భాగానికి తీసుకుని పల్లీ వేశాడు. ఆ సంగతి ముందు చెప్పినప్పుడు, మేముండే నవాగామ్‌లో మావాళ్లంతా నవ్వారు. ఆయన భార్య, మా పెద్దవ్వ, అందరికంటే ఎక్కువ నవ్వింది. "మగ్గం నడిపినోనికి ఎవుసం ఏం దెలుస్తది? దారం తెగితే అతుకుతవ్, చెట్టు ఏరు తెగితే ఏం జేస్తవ్?" ఆయనకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో తెలియదు. మర్నాడే కిమ్‌కు సామాను కట్టాడు.

పొద్దున చాయ్ తాగి గట్టు మీద తిరిగి వచ్చేవాడు. పూత రాలి, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగాక మమ్మల్ని చేనులో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. "అటు పోకుండ్రి. భూమిల పని నడుస్తున్నది." ఒకసారి నాతో అన్నాడు: "మగ్గం మీటరు బట్టకే ఊరంత మొత్తుకుంటది. ఇది సూడు, కుప్పలు కుప్పలు కాస్తది, నోరు తెర్వది." పెద్దవ్వ వెంటనే, "అందుకే దాంతోని నీకు మంచిగ కుదిరింది," అంది.

వానలు మొదలవగానే విత్తేవాళ్లం. దసరా దాటాక చెట్లు పీకి, వేళ్లు పైకి తిప్పి ఆరబెట్టి, కాయలు తెంపి కల్లంలో పరిచేవాళ్లం. దీపావళికి మగ్గాలు బందవుతాయి కాబట్టి ఆ పనికి మా ఇల్లంతా కిమ్‌కు తరలేది. సాయంత్రం ఉప్పేసి ఉడకబెట్టిన కాయలు తింటూ, అలవాటు కొద్దీ అందరం అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లం.

కాయ ఎండిందో లేదో చెవి దగ్గర ఊపి తెలుసుకుంటారు. గింజ ఎండితే పొట్టులో గలగలమంటుంది. పచ్చిగా ఉంటే మోగదు. పచ్చి కాయను సంచికెత్తితే బూజు పడుతుంది, విత్తనానికి పనికిరాదు. ఆ చప్పుడు పెద్దబాపుకు వినపడదు. అందుకని బడికి పోయే నన్ను కల్లంలో మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని, కాయ నా చెవి దగ్గర ఊపేవాడు.

"ఇను బిడ్డా. మోగుతున్నదా?"

నా ముఖంలోకే చూసేవాడు. నేను మెడ నొప్పి పుట్టేంత పెద్దగా తల ఊపేదాన్ని, అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా. ఇంకెవరినీ అడిగేవాడు కాదు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. బడిలో కూడా ఎవరూ నా మాట అంతగా నమ్మలేదు.

మొదటి జీతంతో ఆయనకు చెవి మిషన్ కొన్నాను. ఒక పూట పెట్టుకుని తీసేశాడు. "మీ పెద్దవ్వ ఇంతగనం మాట్లాడ్తదని నాకు ఎరుకనే లేదు!" నేను నవ్వలేదు, బాధపడ్డాను. అది చూసి, "పల్లీలకు నువ్వున్నవ్ గద," అన్నాడు. ఆఫీసులో చేరాక కూడా ప్రతి ఏడూ కాయలు ఆరే రోజుల్లో సెలవు పెట్టి వెళ్లాను.

ఈ ఏడు వెళ్లేసరికి ఆయన లేడు. తాపీ నది ఒడ్డున దహనం చేసి కిమ్‌కు తిరిగొచ్చేసరికి మబ్బు కమ్మింది. విత్తనం మీదైతే చేను వచ్చే ఏడు కూడా మీకే ఉంచుతానని ఆ ముసలి రైతు పెద్దవ్వకు మాట ఇచ్చాడు. పెద్దవ్వకు చేను విడిచి నవాగామ్ పోవాలని లేదు. ఆమె విత్తనమంతా కల్లంలో ఉంది.

పెద్దబాపు కొడుకు, మా అన్న, సంచులు దులుపుతున్నాడు. "ఇయ్యాల్నే ఎత్తుదాం. వాన వడితే అంతా పాయె."

నేను ఒక కాయ తీసి ఊపాను. ఇంకోటి ఊపాను. మోగలేదు. "ఇంక పచ్చిగున్నయే," అన్నాను.

"వాన నీకు చెప్పి వస్తదా?"

పెద్దవ్వ లేచింది. "ఆయన దాని మాటనే ఇంటుండె. జర మనం గూడ ఇందాం." అన్న సంచులు కింద పడేశాడు. అందరం కలిసి కాయలు కుప్ప చేసి టార్పాలిన్ కప్పాం. కాసేపు చినుకులు పడి ఆగిపోయాయి. మర్నాడు ఎండ కాస్తే మళ్లీ పరిచాం, ఆ తర్వాత రోజూ పరిచాం. చుట్టాలు వచ్చి ఏడ్చి వెళ్తున్నారు. నేను కాయలు తిరగేస్తూ ఉన్నాను.

ఒక సాయంత్రం కాయ ఊపితే గలగలమంది. ఇంకోటి తీశాను, అదీ మోగింది. నేను తల ఊపాను, మెడ నొప్పి పుట్టేంత పెద్దగా, మంచం వైపు తిరిగి.

మంచం మీద మడిచిన దుప్పటి ఉంది. చెవులు బాగా వినపడేవాళ్లంతా కల్లంలో నిలబడి నన్నే చూస్తున్నారు. పెద్దవ్వ వచ్చి నా పిడికిట్లోని కాయ తీసుకుంది, చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊపుతూ అట్లాగే నిలబడింది.