మెరిసే వైపు

మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో లైల్ టోర్విక్ పాత తుపాకులు బాగుచేస్తూనే ముసలివాడయ్యాడు. నిజానికి, బాగుచేసినవాటికన్నా చెయ్యనని తిప్పి పంపినవే ఎక్కువ. తాతలనాటి తుపాకి తెచ్చి ఎవరైనా "కొత్తదానిలా తళతళలాడించు" అంటే, నూనెగుడ్డతో తుడిచి, తుప్పు పొక్కుల్ని రాగినాణెంతో మెల్లగా గోకి, "ఇంక దీన్ని ముట్టుకోకు" అని చేతిలో పెట్టేవాడు.

"వచ్చిన పనిని వద్దనే కొట్టు ఈ దేశం మొత్తంమీద మనదొక్కటే," అని భార్య ఆర్లీన్ దెప్పేది.

వానలు మొహం చాటేసిన ఏడాది, చిన్ననాటి స్నేహితుడు డెల్బర్ట్ దుప్పట్లో చుట్టిన తుపాకి తెచ్చాడు. మేత లేదు. ఆవులు చలికాలం గట్టెక్కాలంటే తాత తుపాకి అమ్మక తప్పదు.

లైల్ దుప్పటి విప్పాడు. నూరేళ్ల గాలి, చేతి చెమట కలిసి పట్టిన ముదురు గోధుమరంగు. ముచ్చటపడి రెండోవైపు తిప్పాడు. అది అద్దంలా మెరుస్తోంది!

"ఏం చేశావురా?"

"నాగలి రేకులకి వాడే తీగబ్రష్షు పెట్టా. శుభ్రంగా ఉంటే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని. ఈ వైపు నువ్వు చేసిపెట్టు."

"కొనేవాడికి కావలసింది ఆ మురికేరా! లోపలి స్ప్రింగు విరిగితే మార్చినా పెద్దగా పోయేదేం లేదు. పైరంగు గీకితే సగం ధర పోయినట్టే."

డెల్బర్ట్ బల్లమీద కూలబడ్డాడు. "ఆ రంగు నువ్వు మళ్లీ తేలేవా?"

తేగలడు. మందు పూసి తడిపెట్టెలో ఉంచితే, పైనున్న ఆ తాతైనా పోల్చుకోలేడు.

"తేగలను. కానీ పాతదని చెప్పి అమ్మితే మోసం."

"అయితే నీ నిజాన్ని మా ఆవులకి మేతెయ్యి!" తలుపు ధడాలున మూసుకుంది.

ఆర్లీన్ వంటింట్లోంచి వచ్చింది. "నీతి చెప్పావు సరే. వాగు పక్క మన బీడులో గడ్డి ఊరికే పడుందిగా, ఆ ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

లైల్ తలుపు తీసేసరికి డెల్బర్ట్ వెళ్లిపోయాడు.

శనివారం తుపాకుల సంతలో లైల్, డెల్బర్ట్ బల్లని వెతుక్కుంటూ వెళ్లాడు. తుపాకి గోధుమరంగు వైపు పైకి పెట్టి ఉంది. పెద్ద టోపీ ఆసామి ఒకడు వంగి చూస్తూ, "ఎవరూ చెయ్యి పెట్టలేదన్నమాట!" అని మురిసిపోతున్నాడు. లైల్ బల్ల ముందుకి వచ్చాడు.

డెల్బర్ట్ తలెత్తి లైల్‌ని చూశాడు. తర్వాత తనే తుపాకి తిప్పాడు.

"ఇదీ చూడండి. నేనే గీకాను. ఆవులకి దొరకని గడ్డి నా బుద్ధి తింది."

ఆసామి నవ్వి, ధర సగానికి దించాడు. డెల్బర్ట్ ఒప్పుకున్నాడు.

"సగం మంద గట్టెక్కుతుందిలే," అన్నాడు లైల్ వైపు చూడకుండా.

"మిగతా సగాన్ని మా వాగు బీడులోకి తోలు."

"ఆ మాట ఆ రోజే చెప్పి చావొచ్చుగా!"

"నువ్వు ఉంటేగా చెప్పడానికి? నా తలుపు మడతబందు ఊడింది, ముందు అది బిగించు."