నేను చెరిపేసిన పసుపు సున్నా

ఇన్నేళ్లుగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటున్న మాట ఇది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

నేను రాజమండ్రిలో స్కాన్లు చూసి రిపోర్టు రాసే డాక్టర్ని. మా సెంటర్‌కి ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ తెచ్చారు. క్యాన్సర్ పాకిందేమోనని అనుమానం వచ్చిన చోటల్లా అది పసుపు సున్నా చుడుతుంది. అబ్బ, దాంతో పడ్డ చిరాకు! పాత మచ్చకీ సున్నా, రక్తనాళానికీ సున్నా. నాన్నా పులి కథే. పైగా ఆ సున్నాలు ఫిల్ములో కనబడితే చాలు, ఇంటిల్లిపాదీ హడలిపోయి పెద్దాసుపత్రికని వైజాగు బస్సెక్కేవారు. అందుకని ప్రింటు తీసేముందు వాటిని చెరిపేయడం మా దగ్గర ఆనవాయితీ అయింది. ఒక్కొక్కటీ పరీక్షగా చూసి చెరపాలి. నేను అన్నీ ఒకేసారి చెరిపేసేవాణ్ని. తల నెరిసిన నాకు, నిన్నగాక మొన్నొచ్చిన పెట్టె పాఠాలు చెప్పడమేంటని ఒళ్లు మండేది.

రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే ఒకావిడ, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక స్కానుకి వచ్చారు. కాలేయంలో ఓ మూల చిన్న సున్నా. చూశానా? చూశానంటే, నా కళ్లు దాని మీదుగా వెళ్లాయి. చెరిపేసి, ఎక్కడికీ పాకలేదని రాసేశాను.

కొన్ని నెలలకి ఆవిడ నొప్పితో మళ్లీ వచ్చారు. మచ్చ సరిగ్గా అక్కడే, నిమ్మకాయంత అయింది. కంప్యూటర్లో పాత స్కాను తెరిచాను. అసలు కాపీలో ఆ సున్నా అలాగే ఉంది. ఆవిడ నా ఎదురుగానే కూర్చున్నారు.

“అప్పుడు కంప్యూటర్‌కి కనపడలేదాండీ?”

తప్పు నాదేనండి అనడానికి ఎంతసేపు పడుతుంది?

“లేదండి. అది పట్టుకోలేదు.”

“పోన్లెండి, మిషనుకేం తెలుస్తుందండీ. దాన్ని నమ్ముకోకుండా మీరే చూసుంటే పట్టేసేవారు.”

తిట్టినా బాగుండేది. తర్వాత చక్రకేళీ పళ్లు పంపారు. తిన్నాను కూడా. అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటుంది. డాక్టర్ల మీటింగులో ఇదే కేసు చెప్పి, యంత్రాన్ని నమ్ముకుంటే ఇంతేనన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆవిడ పోయారు. ముందే తెలిస్తే బతికేవారా? ఏమో. ఆ ‘ఏమో’ వెనకాలే ఇన్నాళ్లూ దాక్కున్నాను.

మొన్న ఆవిడ కూతురు వచ్చింది, తల్లికొచ్చింది తనకూ వచ్చిందేమోనన్న భయంతో. కంప్యూటర్‌కి వద్దండి, మీరే చూడండి అంది. సరేనమ్మా అని, గదిలోకెళ్లి తలుపేసుకుని, స్కాను దానికే పెట్టాను. అది చుట్టిన ప్రతి సున్నా దగ్గరా ఆగి చూశాను. భయపడాల్సిందేమీ లేదు. బయటికొచ్చి ఆ మాటే చెప్పాను.

“అమ్మ ఎప్పుడూ అనేదండి, మీ హస్తవాసి మంచిదని.”

రిపోర్టు చేతికిచ్చి పంపేశాను. ఆ అమ్మాయికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. అది పట్టుకుంది. ఈ చేత్తోనే చెరిపేశాను.