సంగటి ముద్ద ఎవరు పెట్టాలి

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా పదినిమిషాలకు, నేను సంగటి ముద్ద పెట్టబోతుంటే పదహారేళ్ళ నా మనుమరాలు కంచం పక్కకు లాగేసుకుంది.

అరవ ఊరైన వాడిపట్టిలో, మా తెలుగిళ్ళలో సంగటి ఎంత కావాలో తినేవాళ్ళు చెప్పరు. ఇంటి పెద్దది చెయ్యి తడుపుకుని ముద్ద చేసి పెడుతుంది. పెట్టింది తిని లేవాలి. నా కొడుక్కి తల నెరిసినా ఇప్పటికీ నేనే పెడతాను.

ఈ పిల్ల మాత్రం పొద్దున ఏమీ తినకుండా బడికి పోతుంది. సాయంత్రం ట్యూషన్ అయ్యాక పరోటా కొట్లో కడుపు నింపుకుని వస్తుంది. పరోటా మీద మోజనుకున్నాను. కాదట.

"ఆడ ఎన్ని కావాలని నన్ను అడుగుతారు అవ్వా. ఈడ ఎవురడిగినారు?"

"అడిగితే పిడికెడు సాలంటావు."

"నా కడుపు నాకి తెలీదా?"

"తెలిసే మొన్న బస్ స్టాండులో కళ్ళు తిరిగి పడినావా?"

కోడలు నవ్వింది. "మీ మొండితనమే అత్తా, అచ్చం మీదే." కొడుకు నేను పెట్టిన రెండు ముద్దల్లో మొదటిది తింటున్నాడు.

పిల్ల వదల్లేదు. "సెల్లులో సూసి నీకి తెలుగక్షరాలు నేర్పినాను కదా. రెండోనాడే ఏమన్నావు? చెయ్యి విడువే, వంకరైనా నేనే రాస్తా అన్లేదా? నేను విడిసినానా లేదా?"

అన్నాను. విడిచింది. నా 'ళ' ఇప్పటికీ వంకరే. అయినా అది నేను రాసిందే.

సంగటి కుండ, నీళ్ళ గిన్నె ఆమె ముందుకు జరిపాను.

"ఎంతైనా పెట్టుకో. పొద్దున తినకుండా గడప దాటినావంటే మాత్రం, కంచం ఎత్తుకుని నీ క్లాసుకే వస్తా."

"అయ్యయ్యో, వచ్చేస్తావు నువ్వు! తింటాలే, పో."

చెయ్యి తడుపుకోకుండానే కుండలో పెట్టింది. సంగటి వేళ్ళకంటుకుని చురుక్కుమంది. చెప్పాలని నాలుక దురద పెట్టింది, చెప్పలేదు. రెండోసారి తనే తడుపుకుంది. నిమ్మకాయంత ముద్ద, అదీ సొట్టది. తిన్నాక ఇంకొకటి పెట్టుకుంది.

కొడుకు మెల్లగా కంచం వెనక్కి జరిపాడు. "అమ్మా, నాకీ సాలు."

"నువ్వు నోరు మూసుకుని తిను."

పిల్ల రేపు మాట తప్పితే సాక్ష్యానికి రాసిపెడుతున్నాను. ఆ పూట అక్కడున్నది తన ముద్ద తను పెట్టుకున్న మనుమరాలు, నవ్విన కోడలు, రెండు ముద్దలూ మింగిన కొడుకు, చేతులు కట్టుకుని కూర్చున్న నేను.