ఉప్పుటేట్లో చేపల్లేవట!

ఇసుకదొందుని చేపల్లో లెక్కేయని మగాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లలో మొదటివాడు మా బావ, అంటే అక్క మొగుడు.

దొందు ఎంతో ఉండదు. వేలెడు పొడవు, బురద రంగు ఒళ్లు, ఒంటికి మించిన తల. ఉప్పుటేరు అడుగున కడుపు ఆనించి పడుకుంటుంది, అక్కడ దొరికిందే తింటుంది. దాన్ని పట్టడానికి పడవా అక్కర్లేదు, వలా అక్కర్లేదు. సంతబొమ్మాళి వైపు సముద్రాన్ని ఆనుకున్న మా పల్లెలో ఆ పని ఆడవాళ్లది. ఆటుకి నీళ్లు తగ్గాక ఏట్లో గొంతుక్కూర్చుని, రెండు చేతులతో బురదంతా తడుముతారు. తగలగానే తల దగ్గర నొక్కిపట్టి నడుముకి కట్టుకున్న బుట్టలో వేస్తారు. అమ్మ పోయాక అక్కనీ నన్నూ పిన్ని పెంచింది ఆ పని చేసే. నేనీరోజు పలాసలో పిల్లలకి పాఠాలు చెబుతున్నానంటే, టెక్కలి బజార్లో కూర్చుని ఆవిడ అమ్మిన దొందుల పుణ్యం.

ఏటికి అడ్డంగా గట్టు వేసి రొయ్యల చెరువులు తవ్వుకుంటామని ఎవరో అర్జీ పెట్టారు. విచారణకని ఒక ఉద్యోగి వచ్చాడు. తుఫాను షెల్టరు అరుగు మీద కుర్చీ వేయించుకుని, చుట్టూ చేరిన మగాళ్లని "ఈ ఏట్లో చేపల వేట ఉందా?" అని అడిగాడట. లేదన్నారట వీళ్లు. ఆ మాటే కాగితం మీద రాస్తే మొదటి సంతకం మా బావే పెట్టాడట. ఆ పెద్దమనిషి లేచి నాలుగడుగులు వేస్తే ఏరు కనిపించేది. ఆ సమయానికి పిన్ని పీకల్లోతు నీళ్లలో గొంతుక్కూర్చునే ఉంది.

అక్క ఫోన్ చేసి చెప్పగానే ఆటో పట్టుకుని వెళ్లాను.

"లేదని ఎలా సెప్పావు బావా?"

"అబద్ధమాడానేటి? మన తెప్పలు సముద్రంలోకెల్తాయి గానీ ఏట్లోకెల్తాయా? ఆడోళ్లు బురదలో దేవుకుంతే దాన్ని వేటంతారేటి!"

నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే నన్ను దహించింది. అబద్ధమైతే కడిగేసి ఒప్పించేదాన్ని. ఏటా వేసవిలో సముద్రం మీద వేట నిషేధం పెట్టి తెప్పలన్నీ ఇసకలో పడుంటే, ఆ రెండు నెలలూ ఊరు ఊరంతా తినేది ఆ బురదలో దేవిందే కదా!

ఆ ఉద్యోగి ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్లాను. "మీ ఊరి మత్స్యకారులే లేదని సంతకాలు పెట్టారు కదమ్మా" అన్నాడు గుమస్తా. ఆడవాళ్లని అడగండన్నాను. "వాళ్లు మత్స్యకారుల సంఘంలో సభ్యులు కారు కదా" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకి ఇంకా మండింది. బావని వచ్చి మళ్లీ చెప్పమని బతిమాలాను. ఒకసారి అన్న మాట మారిస్తే తనకి విలువేముంటుందన్నాడు.

గట్టు పడింది. పోటు నీళ్లు లోపలికి రావడం మానేశాయి. మిగిలిన నీళ్లు పాచిపట్టి కంపు కొట్టాయి. పిన్ని పది రోజులు బుట్ట కట్టుకుని దిగింది, పది రోజులూ ఖాళీ బుట్టతో ఇంటికొచ్చింది. ఆ తర్వాత దిగలేదు.

వేట నిషేధం రోజులొచ్చాయి. సెలవులకి నేనూ అక్కడే ఉన్నాను. బావ ఎప్పట్లాగే పిన్ని ఇంటికి భోజనానికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆవిడ అన్నంలో చారు పోసింది.

"మూడ్రోజుల్నించీ ఈ సారేటత్తా? దొందుల పులుసెట్టలేదేటి?"

మా ఇళ్లలో అల్లుడి ముందు గొంతు పెంచరు. పిన్నీ పెంచలేదు. గరిటె కింద పెట్టింది.

"నువ్వు సంతకమెట్టిన కాయితం ఉంది కదా అల్లుడా, ఎల్లి అట్టుకురా. పులుసెట్టి పోత్తాను."