సీసాలకు ఎర్ర గౌన్లు

సీసా కనిపిస్తే చాలు, మేడమీద బట్టలు కుట్టే కత్తెరత్త దానికి ఎర్ర గౌను కుట్టేస్తుంది. ఫినాయిలుకు గౌను, నల్లుల మందుకు గౌను. ఒక్కో గౌనుకూ మూత మీదుగా నాలుగేసి బిగుతు హుక్కులు. మొగుడి తలనొప్పి తైలానికీ ఒకటి తొడిగింది. ఆయన ఆ హుక్కులు విప్పేలోగా నొప్పే విసుగెత్తి వెళ్ళిపోయేది.

కింది వాటా అమ్మాయికి ఈ గౌన్లంటే ఒళ్ళుమంట. సందు చివరి కొట్టువాడు పొలాల్లో కొట్టే పురుగుమందును ఖాళీ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి, బొద్దింకల మందని అమ్ముతున్నాడు. సీసా మీద పేరు లేదు, చీటీ లేదు. అమ్మాయి ఒకటి కొంది. కొన్న గంటకే దానికి గౌను దిగింది. హుక్కులతో వేగలేక ఆమె ఆ గౌనును ఊడబీకి అవతల పారేసింది. మర్నాడు చూస్తే, మూడేళ్ళ కూతురు మూత తీసి సీసాను నోటిదాకా ఎత్తింది! ఒక్క దూకున లాక్కుంది తల్లి.

కేక విని మేడమీంచి అత్త దిగింది. అమ్మాయి తిట్లకు సిద్ధపడింది. అత్త మాత్రం సీసాకు మళ్ళీ గౌను తొడిగి, "పద, ఆ కొట్టు మూయించాల్సినవాళ్ళని కడిగేద్దాం" అంది.

వ్యవసాయ శాఖ గుమస్తా తల ఎత్తకుండానే, "పొలం మందే, కానీ అమ్మింది ఇంట్లోకి కదమ్మా. ఆరోగ్య శాఖకెళ్ళండి" అన్నాడు.

ఆరోగ్య శాఖాయన, "ఇళ్ళలో కొట్టే మందైతే మాదే. ఇది పొలం మందాయె" అన్నాడు.

ఆహార శాఖాయన, "కూరగాయల మీద మిగిలితే మాది. పాప తాగలేదు కదా?" అన్నాడు.

"తాగాక రమ్మంటావా? సిగ్గు లేదూ!" అత్త కేకకు గోడ మీది క్యాలెండరు రెండు నెలలు ముందుకు తిరిగింది.

కాలుష్యం ఆఫీసులో, "కాలవలో పోస్తే మాదండీ" అన్నారు.

"నీ నెత్తిన పోస్తే ఎవరిది?"

'మాది కాదు' అని రాసిమ్మంటే మాత్రం నలుగురూ పోటీపడి రాసిచ్చారు. ఆ కాగితాలు నాలుగింటినీ అత్త మిషను మీద కలిపి కుట్టి, వాళ్ళందరి పైఅధికారి బల్ల మీద పరిచి, పైన సీసా పెట్టింది.

"విప్పు నాయనా."

ఆయనకు చెమటలు పట్టాయి, గోరు విరిగింది, రెండు హుక్కులే ఊడాయి. "ఎందుకమ్మా ఇంత బిగుతు?"

"పిల్ల చేతికి దొరికినా, అది విప్పేలోగా తల్లి వచ్చేస్తుందని! గుడ్డముక్కతో నాకు చేతనైంది ఇంతే బాబూ. నాలుగు ఆఫీసులు పెట్టుకుని మీరు ఒక్క హుక్కయినా వేశారా?"

పక్కన కింది వాటా అమ్మాయి తల దించుకుంది.

ఆ సాయంత్రమే నాలుగు శాఖలూ ఒకే జీపులోంచి దిగాయి. కొట్టుకు ఎవరు ముందుగా సీలు వెయ్యాలో తేలక "మాదంటే మాది" అని సందులో పోట్లాడుకున్నాయి.

వారం తిరక్కుండా పైఅధికారి డ్రైవరు సంచీడు సీసాలతో మెట్లెక్కాడు. "సారింట్లో మనవడున్నాడండీ. కొలతలు తీసుకోమన్నారు."

అక్కడే కూర్చుని హుక్కులు కుడుతున్న కింది వాటా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇది ఏ శాఖ పనో కనుక్కునొచ్చావా?" అని వాణ్ణి కసిరి, కత్తెరత్త టేపు అందుకుంది.